యోగా క్లాస్‌కి పోవాల్నా, ఇంట్లనే చేస్కోవాల్నా?

ప్రశ్న (నల్లగొండ):
దినమంతా కుట్టుమిషిన్ మీద కూసుంట, నడుము పట్టేస్తుంది. క్లాక్ టవర్ దిక్కు క్లాస్ ఉన్నది గని పొద్దుగాల 5:30కే పోవాలె, పిల్లల టిఫిన్ బాక్సులు ఎవరు కట్టాలె? యూట్యూబ్ చూసి ఇంట్లనే చేస్తే నడుస్తదా?

పాలమూరు అన్న:
చెల్లె, ఒక్క నెలన్న క్లాస్‌కి పో. నేను ఆరు నెలలు ఫోన్ చూసుకుంట సర్వాంగాసనం (ఎల్లెలకల పండుకొని నడుము, కాళ్లు నిట్టనిలువుగ పైకి లేపేది) చేసి మెడ పట్టించుకున్న, బరువు భుజాల మీద ఉండాలె మెడ మీద కాదని క్లాస్‌ల సార్ నా కాళ్లు పట్టుకొని చూపించినంకనే తెలిసింది. తప్పు చేస్తున్నవని ఫోన్ చెప్పదు కదా.

మిర్యాలగూడ అక్క:
నేనైతే ఇంట్లనే. కేంద్రం ఆయుష్ శాఖ వాళ్ల కామన్ యోగా ప్రోటోకాల్ అని ఒక వరుసల పెట్టిన ఆసనాలు ఉంటయి, జూన్ 21 యోగా డే నాడు అంతట చేపిస్తరు చూడు, 45 నిమిషాలది, మెడ భుజాలు తిప్పుడుతోటి మెల్లగ మొదలైతది, కొత్తోళ్లకు మంచిగుంటది. తిన్నంక మాత్రం చెయ్యకు. ఎండాకాలం మా రేకుల ఇంట్ల 7 దాటితే కూసోలేం, నేను 5కే లేస్త.

సూర్యాపేట:
నొప్పి కాలిలకు గుంజుతుందా? గుంజితే ముందుగాల డాక్టర్‌కు చూపించుకో, పశ్చిమోత్తానాసనం లాంటి ముందుకు వంగేటివి అప్పటిదాక బంద్ వెయ్యి.

ప్రశ్న అడిగినామె:
కాలికి గుంజుడు లేదు. ఇప్పుడైతే అక్క చెప్పినట్టు ఇంట్ల మొదలువెడ్త, ఎండాకాలం సెలవులల్ల బాక్సుల పని ఉండదు, అప్పుడు నెల క్లాస్‌కి పోత అన్నా.