ముఖం మీద సర్పి: మందులు సరే, మిగతా రోజంతా ఎలా గడపాలి?

ప్రశ్న

ఎడమ నుదుటి మీద సర్పి వచ్చిందండి, షింగిల్స్ అంటారే, అదే. మొదటి రెండు రోజులు పొక్కులేమీ లేవు, దువ్వెన తగిలితే చాలు ఎడమ వైపు మాడు భగ్గుమనేది, తలనొప్పి అనుకుని మాత్ర వేసుకుని పడుకున్నాను. మూడో రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే కనుబొమ్మ పైనుంచి జుట్టులోకి ఎర్రగా, గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు. సరిగ్గా నుదురు మధ్యలో గీత గీసినట్టు ఆగిపోయాయి, కుడి వైపు ఒక్కటి లేదు. ఆ సాయంత్రమే వెళ్తే డాక్టరు చూడగానే చెప్పేశారు. వైరస్‌ని అణిచే మందు, వాలాసైక్లోవిర్ 1000 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 7 రోజులు. ఇవాళ మందు మొదలుపెట్టి మూడో రోజు.

మందు సంగతి అర్థమైంది, అర్థం కానిది మిగతా రోజంతా. ముఖం కడుక్కోవచ్చా, తలస్నానం చేయొచ్చా, ఎటు తిరిగి పడుకోవాలి? ఫ్యాను గాలి తగిలినా సూదులు గుచ్చినట్టుంది. నిన్న పొద్దున దిండు గలీబు పొక్కులకి అంటుకుపోయింది, లాగితే ప్రాణం పోయినంత పనైంది. మా చెల్లికి ఇప్పుడు ఐదో నెల, ఇదే ఇంట్లో ఉంది, దానికేమైనా అవుతుందేమోనని ఇంకో టెన్షన్. ఆఫీసుకి ఎప్పుడు వెళ్లొచ్చు? ఒంటి మీద వస్తే బట్టలు కప్పేస్తాయి, ముఖాన్ని ఎక్కడ దాచుకోను!

జవాబు 1

పోయినేడు నాకూ ఇదే, కుడి వైపు. దిండు గురించి చెబుతాను కానీ ముందు ఒకటి చూసుకోండి. మీ ముక్కు కొన మీద గానీ ముక్కు పక్కన గానీ ఏమైనా పొక్కు ఉందా? ముక్కు కొనకీ కనుగుడ్డుకీ వెళ్లే నరం ఒకే కొమ్మ నుంచి చీలుతుంది, అందుకని అక్కడ ఒక్క పొక్కు కనబడినా వైరస్ కంట్లోకీ దిగి ఉండొచ్చని అనుమానిస్తారు. 19వ శతాబ్దంలో హచిన్సన్ అనే ఇంగ్లండ్ డాక్టరు ఇది గమనించారు, ఇప్పటికీ దీన్ని హచిన్సన్ గుర్తు అనే అంటారు. ముక్కు మీద ఏమీ లేనంత మాత్రాన కంటికి భయం లేదని కూడా కాదు. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు మసకగా ఉన్నా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. నన్నడిగితే నుదుటి మీద వచ్చినవాళ్లందరూ ఏ లక్షణం లేకపోయినా ఒకసారి చూపించుకోవాలి. నన్ను మొదట చూసినాయన అలర్జీ అని పూత మందు రాసి పంపించారు, రెండు రోజులు అలా పోయాయి, ఆ మంట ముఖం మీదిది తగ్గినా మనసులో తగ్గలేదు.

ఇక దిండు. గలీబు నున్నటి పాత నూలుది వేసుకోండి, రోజూ మార్చండి, కొత్తది గరుగ్గా ఉంటుంది, వద్దు. వెల్లకిలా, తల కొంచెం ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే మేలు, లేదంటే కుడి వైపుకి. మళ్లీ అంటుకుపోతే లాగకండి, అలాగే పడుకుని గ్లాసులో నీళ్లు తెప్పించుకుని గుడ్డ అంటుకున్న చోట తడిపి రెండు మూడు నిమిషాలు ఆగండి, దానంతట అదే ఊడుతుంది. నేను మంచం పక్కనే చిన్న గిన్నెతో నీళ్లు, మెత్తటి గుడ్డ పెట్టుకునేదాన్ని. ఫ్యాను గాలి ముఖానికి కాకుండా కాళ్ల వైపు వచ్చేలా మంచం తిప్పుకోండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ నాకు ఆ రాత్రే మొదటిసారి నిద్ర పట్టింది.

ముఖం కడుక్కోవచ్చు, కడుక్కోవాలి కూడా. గోరువెచ్చని నీళ్లు, రుద్దకూడదు, దోసిట్లో పోసుకుని తర్వాత మెత్తని గుడ్డతో అద్దుకోవాలి, ఆ గుడ్డ ఇంకెవరూ వాడకూడదు. తలస్నానం కూడా చేయొచ్చు, ఘాటులేని షాంపూతో, తల కుడి వైపుకి వంచకండి, ఎడమకి వంచితే పొక్కుల మీది నీళ్లు కంట్లోకి రాకుండా బయటికి పోతాయి. జుట్టుకి రంగు వేసుకోవడం కొన్నాళ్లు మర్చిపోండి. మంట బాగా ఉన్నప్పుడు చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ పది నిమిషాలు వేసుకోండి, ఐసు మాత్రం నేరుగా పెట్టొద్దు. తల మీదుగా తొడుక్కునే బట్టలు పక్కన పెట్టి ముందు గుండీలున్నవి వేసుకోండి, ఇది నాకెవరూ చెప్పలేదు, ఒకసారి తొడుక్కున్నాక తెలిసొచ్చింది.

జవాబు 2

మీ చెల్లెలి గురించి. సర్పి అంటుకుని ఇంకొకరికి సర్పి రాదు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్, తగ్గిపోయాక దాని వైరస్ నరాల మూలాల్లో ఏళ్ల తరబడి నిద్రపోయి మళ్లీ లేస్తే వచ్చేదే ఇది. కానీ పొక్కుల్లోని నీరు తగిలితే, ఆటలమ్మ ఎప్పుడూ రానివాళ్లకి, టీకా కూడా వేయించుకోనివాళ్లకి ఆటలమ్మ రావొచ్చు. గర్భంతో ఉన్నప్పుడు అది వస్తే తల్లికీ బిడ్డకీ ఇబ్బందే. కాబట్టి చెల్లికి చిన్నప్పుడు వచ్చిందో లేదో ఇంట్లో పెద్దవాళ్లని ఇవాళే అడగండి. వచ్చి ఉంటే దాదాపు బెంగ అక్కర్లేదు. రాలేదన్నా, గుర్తులేదన్నా వెంటనే ఆమెను చూసే డాక్టరుకి ఫోన్ చేయండి, రక్తపరీక్షతో తేలుతుంది, అవసరమైతే ఇచ్చే మందులకి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు. అంతవరకు వేరే గది, వేరే తువ్వాలు.

పసిపిల్లలు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల విషయంలో కూడా ఇదే జాగ్రత్త. పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టాక అంటదు, మామూలుగా 7 నుంచి 10 రోజులు. ముఖం మీద పొక్కుల్ని సరిగ్గా కప్పలేం కాబట్టి ఆఫీసు అప్పటిదాకా ఆగాల్సిందే.

అడిగినవారు

అందరికీ థాంక్స్ అండి. చెల్లికి రెండో తరగతిలో వచ్చిందట, అమ్మ నెలతో సహా చెప్పింది. కానీ ముక్కు చూసుకున్నాను. ఎడమ వైపు కొసన చిన్నది ఒకటి ఉంది, రెండు రోజులుగా మొటిమ అనుకుంటున్నా. కన్ను కొంచెం ఎర్రగా ఉంది, నిద్రలేక అనుకున్నాను.

జవాబు 1

ఇవాళే వెళ్లండి, రేపు కాదు. లెన్సులు వాడితే తీసేయండి. ఇంట్లో ఎప్పుడో మిగిలిన కంటి చుక్కలు ఉంటే వేసుకోకండి, అందులో స్టెరాయిడ్ ఉంటే ఇంకా ప్రమాదం, అది కంటి డాక్టరు చూసి ఇస్తేనే వాడాలి.

జవాబు 3

నాకు కింది దవడ వైపు వచ్చింది. ముందు నాలుగు రోజులు పంటినొప్పే, ఏ పన్నో కూడా వేలు పెట్టి చూపించాను, పన్ను పీకించుకోబోయి ఆగాను. తర్వాత గడ్డం మీద, నాలుక పక్కన పొక్కులు. ముఖానికి వెళ్లే ట్రైజెమినల్ నరానికి మూడు కొమ్మలుంటాయి, నుదురు, చెంప, దవడ, ఏది లేస్తే బాధ అక్కడ. మగవాళ్లకి ఒక మాట, గడ్డం గీయకండి. బ్లేడు పొక్కుని కోస్తే నీరు పక్కకి పాకుతుంది, చీము కూడా పట్టొచ్చు. నేను మూడు వారాలు గడ్డంతోనే తిరిగాను, మా పిల్లలు ఫొటోలు తీసుకున్నారు.

చెవి దగ్గర గానీ చెవిలో గానీ పొక్కులు వచ్చి, మూతి ఒక పక్కకి జారినా, కన్ను మూతపడకపోయినా, వినబడకపోయినా, కళ్లు తిరిగినా దాన్ని రామ్సే హంట్ సిండ్రోమ్ అంటారు. అది కూడా ఆగే పని కాదు.

ఇంకోటి, ఎవరో ఒకరు తప్పకుండా ఏదో పూత చెబుతారు. టూత్‌పేస్ట్ పూయమన్నవాళ్లు కూడా ఉన్నారు. అల్మరాలో మిగిలిన స్టెరాయిడ్ క్రీమైతే ఇంకా చెడ్డది. పెచ్చు కట్టాక పగలకుండా ఉండటానికి పెట్రోలియం జెల్లీ పల్చగా రాస్తే చాలు, అదీ కంటికి దూరంగా.

అడిగినవారు

వెళ్లొచ్చాను. కంట్లో పసుపు రంగు చుక్క వేసి, గడ్డం ఆనించే మిషన్ దగ్గర కూర్చోబెట్టి నీలం లైటులో చూశారు. నల్లగుడ్డు మీది పొర మీద చిన్న చిన్న కొమ్మల్లాంటి గీతలు ఉన్నాయన్నారు, లోపలికి దిగలేదట. వేసుకునే మందే కొనసాగించమన్నారు, పొడిబారకుండా చుక్కలిచ్చారు, నాలుగు రోజుల్లో మళ్లీ రమ్మన్నారు. పొక్కులు తగ్గిపోయిన కొన్ని వారాలకి కూడా కంట్లో వాపు రావొచ్చు కాబట్టి బాగైపోయిందని మానేయొద్దని గట్టిగా చెప్పారు. మొటిమ అనుకుని ఇంకో వారం కూర్చునేదాన్ని. మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు.

ఇప్పుడు నొప్పి మాటేమిటి? పారాసిటమాల్ వేసుకుంటే కొంచెం మాత్రమే తగ్గుతోంది.

జవాబు 4

ఇది మామూలు నొప్పి కాదండి, నరం నొప్పి, అందుకే మామూలు మాత్రకి పూర్తిగా లొంగదు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టరు రాస్తారు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు, మొదట్లో మత్తుగా, తూలినట్టుగా ఉంటుంది, బండి నడపకండి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, నేను ఆపేసి రెండు రాత్రులు జాగారం చేశాను. లిడోకైన్ ప్యాచ్ అని ఒకటుంది, అది చర్మం పూర్తిగా మానాకే, కంటి దగ్గర అసలు కాదు. మిరపలోని మందుతో చేసే కాప్సైసిన్ క్రీము గురించి ఎవరైనా చెబితే ముఖానికి వద్దనండి.

పొక్కులు 2 నుంచి 4 వారాల్లో మానతాయి, నొప్పి కొందరికి మూడు నెలలు దాటి ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం ఎక్కువ. నాకు ఐదు నెలలు పట్టింది. కళ్లజోడు కాడ కణత మీద ఆనినా జివ్వుమనేది, సన్న కాడల తేలిక ఫ్రేమ్ చేయించుకున్నాను. గాలిలోకి వెళ్లేటప్పుడు మెత్తటి స్కార్ఫ్ కాస్త వదులుగా కట్టుకుంటే గాలి దెబ్బ తగ్గుతుంది. బిగించి కడితే కొందరికి ఇంకా హాయి, వింతగా ఉంటుంది కానీ నిజం, తేలిగ్గా రాసుకునే స్పర్శే ఎక్కువ మండిస్తుంది. రెండూ చేసి చూడండి.

వాలాసైక్లోవిర్ వేసుకున్నన్నాళ్లు నీళ్లు బాగా తాగండి, అది మూత్రపిండాల గుండానే పోతుంది. కిడ్నీ సమస్య ఉంటే మోతాదు మార్చాలి, డాక్టరుకి చెప్పకపోయి ఉంటే చెప్పండి. తల భరించలేనంత నొప్పి, మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం లాంటివి వస్తే ఇక్కడ రాయకండి, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

అడిగినవారు

నిన్న రాత్రి ఫ్యాను కాళ్ల వైపు తిప్పాను, నాలుగు గంటలు పడుకున్నా. ఒక్కటే మిగిలింది, మళ్లీ వస్తుందా? టీకా ఉందంటున్నారు.

జవాబు 2

మళ్లీ రావొచ్చు, చాలామందికి రాదు. షింగ్రిక్స్ అనే టీకా ఉంది, 50 దాటినవాళ్లకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి ఇంకా చిన్న వయసులోనే ఇస్తారు. రెండు డోసులు, మధ్య 2 నుంచి 6 నెలలు. ఒకసారి సర్పి వచ్చినవాళ్లు కూడా వేయించుకోవచ్చు, కానీ పొక్కులు పూర్తిగా తగ్గాక. మీకు కంట్లో కూడా వచ్చింది కాబట్టి ఎప్పుడు వేయించుకోవాలో కంటి డాక్టర్నే అడగండి, నాలుగు రోజుల్లో ఎలాగూ వెళ్తున్నారుగా.