అప్‌డేట్: ఆయిల్ హీటర్ ప్లగ్ కాలిపోవడానికి కారణం దొరికింది

గది వెచ్చబరిచే 2000 వాట్ల ఆయిల్ హీటర్ ప్లగ్ పట్టుకోలేనంత కాలుతోంది, మాడు వాసన వస్తోంది అని అడిగాను కదా, తేలిపోయింది. సాకెట్ చూపించమన్నవాళ్లకి థాంక్స్, మీరన్నదే నిజం. ఇక్కడ బెంగళూరులో ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆపి 16 ఆంప్స్ సాకెట్ విప్పితే, వెనక ఫేజ్ వైరు (కరెంటు తెచ్చే వైరు) స్క్రూ వదులైపోయి, వైరు పైతొడుగు నల్లగా మాడి ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. 230 వోల్టుల మీద ఈ హీటర్ దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది, అదీ గంటల తరబడి, వదులు కనెక్షన్ ఎక్కడ తట్టుకుంటుంది! మాడిన ముక్క కత్తిరించి కొత్త సాకెట్ బిగించాక ప్లగ్ గోరువెచ్చగానే ఉంటోంది. లోపల ఆయిల్ అయిపోయిందేమో అన్న అనుమానానికి దీనితో సంబంధమే లేదు, అది సీలు చేసి ఉంటుంది, ఖర్చవదు. హీటర్ నుంచి వచ్చే టిక్ టిక్ చప్పుడు కూడా లోహం వేడికి సాగడమేనట. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం వాడొద్దన్నాడు ఎలక్ట్రీషియన్, హీటర్ మీద తడి బట్టలు ఆరేయడం కూడా (మా అమ్మ ఇంకా ఒప్పుకోలేదు).