ఆపరేషన్‌లో గొట్టం వేశాక గొంతు నొప్పి తగ్గాలంటే ఏం చేయాలి?

మాది మహబూబ్‌నగర్ దగ్గర జడ్చర్ల. మా అమ్మకు ఈమధ్య పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయింది. కుట్లు బాగానే మానుతున్నాయి, బాధంతా గొంతుతోనే. గుటక వేసిన ప్రతిసారీ కళ్లు గట్టిగా మూసుకుని మెడ పట్టుకుంటోంది. జొన్నరొట్టె మింగుడు పడటం లేదు, మజ్జిగ కలిపిన పల్చటి గటక మాత్రమే తాగుతోంది.

మత్తు ఇచ్చాక ఊపిరి కోసం వేసే గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్తుందని, ఆ ఒరిపిడికి వచ్చే నొప్పి మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని డాక్టరు చెప్పారు. నొప్పి కొంత తగ్గింది కానీ బొంగురు అలాగే ఉంది.

గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తోంది. అప్పుడు దగ్గు వస్తే కుట్లు లాగుతున్నాయి, పొట్టకు దిండు అదిమి పట్టుకుంటోంది. చూడలేకపోతున్నాను. అమ్మకు షుగర్ ఉంది, అందుకే తేనె ఇవ్వడానికి ధైర్యం చాలడం లేదు. చక్కెర లేని చప్పరించే మాత్రలు ఎవరైనా వాడారా? ఆవిరి పడితే హాయిగా ఉంటుందా? గుసగుసగా మాట్లాడినా స్వరతంత్రులకు శ్రమేనని తెలిసి, ఇప్పుడు పలక మీద రాయిస్తున్నాం.

అమ్మ అంగన్‌వాడీ టీచరు, రోజంతా పిల్లలతో మాట్లాడాలి, పాటలు పాడాలి. ఇలా జరిగినవారు దయచేసి చెప్పండి: మీకు గొంతు మామూలు కావడానికి ఎంతకాలం పట్టింది? చెవి ముక్కు గొంతు డాక్టరుకు ఇప్పుడే చూపించాలా, ఇంకొన్నాళ్లు ఆగవచ్చా?