తవుడు హాపర్ జామ్: వైబ్రేటర్ పెట్టినా దిగట్లేదు

మిల్లు_మెకానిక్: చదరపు హాపర్ (పైన సరుకు పోస్తే కింది నోట్లోంచి దిగే గరాటు లాంటి తొట్టి), ఎంఎస్ (మామూలు ఉక్కు) షీటు, నాలుగు గోడలూ 60 డిగ్రీల వాలు, కింద 200 మి.మీ. నోరు. వడ్లు బాగానే దిగాయి. తవుడు పోస్తే మధ్యలో బొక్క పడి, చుట్టూ ఉన్నది నిలబడిపోతోంది. వైబ్రేటర్ వేస్తే ఇంకా బిగుస్తోంది. సుత్తితో కొడితేనే కదులుతోంది.

ఫ్యాబ్రికేషన్_షెడ్డు: 60 అన్నది గోడకేనండీ. రెండు గోడలు కలిసే మూల వాలు 51 దగ్గరే ఉంటుంది, తవుడు పట్టుకునేది అక్కడే. గోడలు 70కి లేపితే మూల 63 అవుతుంది. అంత ఎత్తు లేకపోతే ఎదురెదురు గోడలు రెండు నిలువుగా కట్టి, మిగతా రెండే వాలుగా దించండి. నోరు పొడవు వెడల్పుకు కనీసం మూడు రెట్లుండాలి. సుత్తి మాత్రం మానేయండి, సొట్ట పడిన ప్రతిచోటా తవుడు ఆగుతుంది.

బాయిల్డ్_రైస్: హాపర్ ఎత్తు పెంచి ఎక్కువ నింపితే పై బరువుకే దిగదా?

బిన్ను_డిజైన్: దిగదండీ. నీళ్లలా కాదు, పొడి సరుకు బరువులో చాలాభాగం రాపిడి వల్ల గోడలే మోస్తాయి. జర్మన్ ఇంజనీర్ యాన్సెన్ 1895లోనే ధాన్యంతో కొలిచి చూపించాడు. అడుగుకు చేరే ఆ కాస్త ఒత్తిడి కూడా తవుడును గట్టిపరిచి నోటి మీద కమాను కట్టిస్తుంది. వడ్ల వేగమూ అంతే, నోటిని బట్టే: చదరపు నోరు రెండు వైపులా రెట్టింపయితే ప్రవాహం ఐదు రెట్లు దాటుతుంది. తవుడుకు ఆ లెక్క చెల్లదు. దాన్ని ఆపేది రేణువు సైజు కాదు, నూనె, చెమ్మ.

ప్యానెల్_వైరింగ్: వైబ్రేటర్ బిగించడానికి కారణం గేటు మూసి ఉండగా నడవడం. గేటు లిమిట్ స్విచ్‌తో (గేటు తెరిచిందో లేదో చెప్పే స్విచ్) ఇంటర్‌లాక్ చేయండి, అంటే గేటు తెరిచాకే వైబ్రేటర్ కొన్ని సెకన్ల చొప్పున ఆడాలి.

బిన్ను_డిజైన్: పొడవు నోటి కింద సరుకు లాగే స్క్రూ కన్వేయర్ పెడితే, ఒకే పిచ్ (మరల మధ్య దూరం) ఉన్నది పెట్టకండి. వెనక చివర నుంచే లాగుతుంది, మిగతాది కదలదు. డిశ్చార్జి వైపు పోయేకొద్దీ పిచ్ పెరగాలి. ఇంకోటి, పాలిషర్ (బియ్యం పాలిష్ పట్టే యంత్రం) నుంచి వేడిగా వచ్చిన తవుడు రాత్రంతా ఉంటే, చల్లబడ్డ షీటుకు లోపల చెమ్మ పట్టి అట్ట కడుతుంది. సాయంత్రానికి ఖాళీ చేయాల్సిందే.

బాయిల్డ్_రైస్: కమాను కూల్చడానికి లోపలికి మనిషిని దింపే మిల్లులున్నాయి. పైన గట్టిగా కనిపించే పొర కింద ఖాళీ ఉంటుంది, కూలితే మనిషి అందులో కూరుకుపోతాడు. బయటి నుంచి కడ్డీ దూర్చే మూత రంధ్రాలు పెట్టించండి.

మిల్లు_మెకానిక్: మార్చేలోపు లోపల ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) లైనింగ్ వేస్తే కొంతైనా నయమా?

ఫ్యాబ్రికేషన్_షెడ్డు: నయమే. 304 రకం స్టీలు, 2బి ఫినిష్ (మిల్లు నుంచి వచ్చే నున్నటి పైభాగం) చాలు. మూలలు గుండ్రంగా వంచండి. పై షీటు అంచు కింది షీటు మీదికి రావాలి, ఇంటి పెంకుల్లాగా. తిరగేస్తే అంచు దగ్గరే పేరుకుంటుంది. వెల్డింగ్ గడ్డలు గ్రైండ్ చేయకుండా పెయింట్ కొట్టేస్తారు, దగ్గరుండి చూసుకోండి.