సంగీతమే కథ చెప్పే విదేశీ సినిమాలు ఇంకేమున్నాయి?

ఈమధ్య ‘సౌండ్ ఆఫ్ నాయిస్’ అనే స్వీడిష్ సినిమా (2010) చూశాను. అందులో ఆరుగురు డ్రమ్మర్లు ఆపరేషన్ థియేటర్‌లోకి చొరబడి, బల్ల మీదున్న పేషెంట్ పొట్ట మీదే దరువేస్తారు. ఆ శబ్దం ఇంకా చెవుల్లోంచి పోలేదు. తర్వాత టోనీ గాట్లిఫ్ తీసిన ‘లాచో డ్రోమ్’ (1993) దొరికింది. రాజస్థాన్ ఎడారి నుంచి స్పెయిన్ దాకా రోమా అనే సంచార జాతి జనం పాటలే, మాటలు దాదాపు లేవు. భాష రాకపోయినా చాలాచోట్ల కళ్లు చెమ్మగిల్లాయి. అర్థం తెలియనప్పుడే గొంతులోని జీర, ఊపిరి ఎక్కువ వినపడతాయేమో, మీకూ అలాగే అనిపించిందా?

పేద గాయకుడు కష్టపడి స్టార్ అయ్యే కథలు చాలా చూశాను, అవి వద్దు. ఇలా కొత్త దారిలో తీసినవి ఏ భాషలోవైనా సరే, పేర్లు చెప్పండి. మొదటిసారి సబ్‌టైటిల్స్ ఆపేసి చూడటం మంచిదా? అదీ చెప్పండి, ప్లీజ్.