సాయంత్రం వార్డులో సీనియర్లు నేర్పడం: కొనసాగించాలా, ఆపాలా?

అలిపిరి_మెట్లు: తిరుపతిలో ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్. మేం నలుగురం రోజూ సాయంత్రం సెకండ్ ఇయర్ పిల్లలకి వార్డులో పేషెంటుని పరీక్ష చేయడం నేర్పిస్తున్నాం. పొద్దున రౌండ్స్‌లో ఇరవై మంది ఒకే మంచం చుట్టూ నిలబడితే వెనకవాళ్లకి ఏమీ కనపడదు. ఒక ప్రొఫెసర్ గారు మాత్రం "మీకే సరిగా రాదు, వాళ్లకేం నేర్పుతారు, ఆపండి" అన్నారు. మీరేమంటారు?

చిత్తూరు_ఫిజీషియన్: ఆయన అన్నది నిజమే. మొన్న వైవాలో (నోటి పరీక్షలో) పేషెంటు స్ప్లీన్ (ప్లీహం) పెరిగిందేమో చేత్తో చూడమంటే ఒకమ్మాయి నేరుగా ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టింది. సీనియర్లు అలాగే చూపించారట. స్ప్లీన్ పెరిగేది కుడివైపు పొత్తికడుపు దిశగా. అక్కడ మొదలుపెట్టి, పేషెంటు ఊపిరి పీల్చినప్పుడల్లా అంచు తగులుతుందేమో చూస్తూ, మధ్యలో కొంచెం కొంచెంగా ఎడమ పక్కటెముకల వైపు పైకి జరుగుతూ రావాలి. బాగా పెరిగినదాన్ని పక్కటెముకల దగ్గర వెతికితే చెయ్యి దాని మీదే ఉంటుంది, అంచు దొరకదు.

అలిపిరి_మెట్లు: మేం కుడినుంచే నేర్పుతాం సార్.

చిత్తూరు_ఫిజీషియన్: మీరు కాకపోతే మీలాంటివాళ్లు. తప్పు చేతికి అలవాటైతే పోదు.

నైట్_డ్యూటీ: నాకు పెర్కషన్, అదే వేళ్లతో కొట్టి శబ్దం వినడం, నేర్పింది సీనియరే. మోచెయ్యి కాదు, మణికట్టు కదలాలని చెయ్యి పట్టుకుని చూపించాడు.

అలిపిరి_మెట్లు: సార్, నేను పలమనేరు దగ్గర తెలుగు మీడియంలో చదివా. మర్మర్ (గుండెలో అదనపు శబ్దం) వినపడిందా అని అడిగితే అందరితో పాటు తల ఊపా. వినపడలేదు. అలా ఏడాది గడిచింది. పేషెంటుని ఎడమపక్కకి తిప్పి, స్టెతస్కోప్ బెల్ (గిన్నెలాంటి వైపు) తేలిగ్గా ఆనించి, ఊపిరి వదిలి ఆపమంటే మైట్రల్ స్టెనోసిస్ (గుండె కవాటం ఇరుకవడం) శబ్దం తెలుస్తుందని ఒక సీనియర్ అక్క చూపించింది. తెలియదని ఆమె దగ్గర చెప్పుకోగలిగా. మీ ముందు చెప్పగలనా?

చిత్తూరు_ఫిజీషియన్: భయమైతే స్కిల్ ల్యాబ్‌కి వెళ్లండి, బొమ్మల మీద ప్రాక్టీస్ చేయొచ్చు. 2019 ఎంబీబీఎస్ కరిక్యులంలో అది పెట్టింది అందుకే కదా.

అలిపిరి_మెట్లు: బొమ్మ మీద నేర్చుకుని డాక్టర్లం కావాలా? మీకు మా మీద నమ్మకం లేదు, అంతే!

చిత్తూరు_ఫిజీషియన్: లేదు. ఎందుకుండాలి?

గోవిందరాజుల_వీధి: నేను డాక్టర్ని కాను. పొట్టలో నీరు చేరి మా నాన్న ఒక ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. సాయంత్రమైతే స్టూడెంట్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పక్కకి తిప్పి, పొట్ట మీద వేళ్లతో కొట్టి చూసేవాళ్లు. ఒకరోజు తొమ్మిదో అబ్బాయి రాగానే నాన్న తువ్వాలు కప్పుకుని గోడవైపు తిరిగిపోయాడు. మీరిద్దరూ స్ప్లీన్ గురించి కొట్టుకుంటున్నారు. ఆ మనిషిని ఎవరైనా అడిగారా?

అలిపిరి_మెట్లు: మేం అడుగుతాం, అన్నా. "పెద్దాయనా, చూడొచ్చా" అని.

గోవిందరాజుల_వీధి: తెల్లకోటు వేసుకుని అడిగితే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది తమ్ముడూ?

చిత్తూరు_ఫిజీషియన్: నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే.

గోవిందరాజుల_వీధి: కాదు సార్. పొద్దున ఇరవై మందిని వెంటేసుకుని వచ్చిన పెద్ద డాక్టరూ అడగలేదు.

అలిపిరి_మెట్లు: అన్నా, రాత్రంతా ఆలోచించా. ముందు మా పొట్టల మీదే చెయ్యి పెట్టి నేర్చుకోమంటా. ఆ తర్వాతే వార్డు. ఒక మంచం దగ్గరికి ఇద్దరే, అదీ కోటు తీసేసి, పక్కన కూర్చుని అడిగాక. వద్దంటే వచ్చేస్తాం. క్లాసు మాత్రం ఆపను.

చిత్తూరు_ఫిజీషియన్: అడిగి నేర్పినా తప్పు తప్పే. నేను ఒప్పుకోను.