యురేనస్ చంద్రులు, వలయాలు: మీకెప్పుడైనా కనబడ్డాయా?

మామిడితోట:
శనివారం రాత్రి ఊరి బయట తోటలో మా పన్నెండంగుళాల టెలిస్కోపు పెట్టాం. కృత్తికలకు దక్షిణంగా కొద్ది దూరంలో యురేనస్ దొరికింది. నీలం, ఆకుపచ్చ కలిసిన బుల్లి బిళ్ల. పక్కనే సన్నటి చుక్క ఒకటి కనబడేసరికి యురేనస్ చంద్రుడు టైటానియా అనుకుని సంబరపడిపోయాను, బొమ్మ కూడా గీసుకున్నాను. మర్నాడు చూస్తే యురేనస్ కాస్త జరిగింది, చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది. అది మామూలు నక్షత్రమట! ఉసూరుమనిపించింది. ఇలా ఎవరికైనా అయిందా?

లెక్కల మాస్టారు:
బాబూ, బెంగ వద్దు. ఆ గ్రహాన్ని కనిపెట్టిన విలియం హెర్షెల్‌కే అయింది. 1781 మార్చి 13న యురేనస్‌ను చూశాడు. చంద్రుల కోసం మరో ఆరేళ్లు పట్టింది. అప్పట్లో అద్దాలు లోహంతో చేసేవారు, ఒక్కో అద్దం దగ్గర బోలెడు వెలుగు పోయేది. అందుకని టెలిస్కోపులోని చిన్న అద్దాన్ని తీసేసి, పెద్ద అద్దాన్ని కొంచెం వాల్చి, గొట్టం పై అంచు నుంచే లోపలికి చూశాడు. అలా ఆదా అయిన వెలుగుతోనే 1787 జనవరి 11న టైటానియా, ఒబెరాన్ దొరికాయి. తర్వాత ఇంకో నాలుగు ఉన్నాయని ప్రకటించాడు. ఆ నాలుగూ లేవు. ఆయన కూడా మీలాగే వెనక ఉన్న నక్షత్రాలను చూసి పొరబడ్డాడు. ఆ నాలుగూ అర్ధ శతాబ్దానికి పైగా పుస్తకాల్లో ఉండిపోయాయి.

1851లో లివర్‌పూల్ దగ్గర విలియం లాసెల్ ఏరియల్, అంబ్రియల్‌లను పట్టుకున్నాడు. ఆయనది బీరు తయారీ వ్యాపారం. ఇరవై నాలుగంగుళాల టెలిస్కోపును సొంతంగా తయారు చేసుకున్నాడు. నాకు ఈ మనిషంటే చాలా గౌరవం. ఐదోది మిరాండా, 1948లో కైపర్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు ఫొటోల్లో దొరికింది.

కుప్పం నుంచి:
మాస్టారూ, వలయాన్ని కూడా హెర్షెలే ముందు చూశాడని ఎక్కడో చదివాను. నిజమేనా?

లెక్కల మాస్టారు:
1789లో అలా అనుమానపడ్డాడు, తర్వాత తనే కాదనుకున్నాడు. ఆ వలయాలు బొగ్గులా నల్లగా, సన్నగా ఉంటాయి. ఆయన టెలిస్కోపుకు అందాయంటే నేను నమ్మలేను.

రాత్రిడ్యూటీ:
వలయాల కథ నాకు ప్రాణం, కాస్త వివరంగా రాస్తాను. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం రాబోతోంది. నక్షత్రం వెలుగు ఎలా తగ్గుతుందో చూస్తే గ్రహం వ్యాసమూ, దాని వాతావరణమూ తెలుస్తాయి. జేమ్స్ ఎలియట్, ఎడ్వర్డ్ డన్‌హామ్, డగ్లస్ మింక్ వెళ్లింది అందుకే, వలయాల కోసం కాదు. టెలిస్కోపును విమానంలో పెట్టుకుని హిందూ మహాసముద్రం మీద ఎగురుతున్నారు. సమయం లెక్క కచ్చితంగా లేదని దాదాపు 40 నిమిషాల ముందే రికార్డింగ్ మొదలుపెట్టారు. నక్షత్రం వెలుగు ఎంతుందో కాగితం మీద పెన్ను గీత గీసుకుంటూ పోతోంది, వెలుగు తగ్గితే గీత దిగుతుంది. ఉన్నట్టుండి గీత కిందికి దిగి మళ్లీ లేచింది. ఇంకా గ్రహం రానేలేదు! అలా ఐదుసార్లు. గ్రహం దాటాక మళ్లీ ఐదుసార్లు. మొదట చిన్న చిన్న ఉపగ్రహాల గుంపేమో అనుకున్నారు. కాగితాలు పరిచి చూస్తే గ్రహానికి అటు ఎంత దూరంలో గీత దిగిందో ఇటూ అంతే దూరంలో దిగింది. చుట్టూ వలయం ఉంటే తప్ప అలా కుదరదు. రికార్డింగ్ ఆలస్యంగా మొదలై ఉంటే ముందు వచ్చిన ఐదు తగ్గుదలలూ దొరికేవి కావు.

కుప్పం నుంచి:
ఆ రాత్రే మాకు దగ్గర్లోని తమిళనాడు కావలూరు అబ్జర్వేటరీలో కూడా చూశారన్నా! జవ్వాది కొండల్లో, ఒక మీటరు టెలిస్కోపుతో. భట్టాచార్య, కుప్పుస్వామి గీతలో పడిన ఆ తగ్గుదలను పట్టుకుని, వలయమని తెలియక, అది యురేనస్ కొత్త ఉపగ్రహమని నేచర్ పత్రికలో రాశారు. ఆ అబ్జర్వేటరీని మొదలుపెట్టిన వైను బప్పు చదువుకుంది హైదరాబాద్ నిజాం కాలేజీలో, వాళ్ల నాన్నగారు పనిచేసింది నిజామియా అబ్జర్వేటరీలో. శనివారం పబ్లిక్‌ను రానిస్తారంటే చిన్నప్పుడు మా మామయ్యతో వెళ్లాను. అప్పుడీ సంగతి తెలియదు. తెలిసుంటే ఆ గుమ్మటం దగ్గర ఇంకాసేపు నిలబడేవాణ్ణి.

మామిడితోట:
ఒళ్లు జలదరించింది తమ్ముడూ. ఇప్పటికి చంద్రులు, వలయాలు మొత్తం ఎన్ని?

రాత్రిడ్యూటీ:
భూమి మీది నుంచి చూసినవాటితో అప్పటికే వలయాలు తొమ్మిదయ్యాయి. 1986 జనవరిలో పక్కగా వెళ్లిన వాయేజర్ 2 వ్యోమనౌక ఫొటోల్లో పది చంద్రులు, రెండు వలయాలు బయటపడ్డాయి. హబుల్ అంతరిక్ష టెలిస్కోపుతో బయటివైపు ఇంకో రెండు వలయాలు దొరికి మొత్తం పదమూడయ్యాయి. చంద్రులు కూడా తర్వాత ఇంకొన్ని దొరికాయి. 2025లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు ఫొటోల్లో పది కిలోమీటర్ల వెడల్పున్న బుల్లి చంద్రుడు దొరికాడు, దాంతో చంద్రులు ఇరవై తొమ్మిది.

లెక్కల మాస్టారు:
తోట బాబూ, ఈసారి ముందు రాత్రి బొమ్మ, మర్నాటి బొమ్మ పక్కపక్కన పెట్టుకోండి. గ్రహంతో పాటే జరిగితేనే చంద్రుడు. టైటానియా ఒక చుట్టు తిరగడానికి తొమ్మిది రోజులకు కొంచెం తక్కువ, ఒబెరాన్‌కు పదమూడున్నర రోజులు పడుతుంది. యురేనస్‌ను ఫీల్డు (టెలిస్కోపులో కనబడే గుండ్రటి భాగం) అంచు బయటికి నెట్టి చూడండి, దాని వెలుగు కంటికి అడ్డం రాదు.

మామిడితోట:
వరసగా మూడు రాత్రులు వేశాను మాస్టారూ. రెండో రాత్రి మంచుకు అద్దం మసకబారి ఏమీ కనబడలేదు. మొదటి బొమ్మా మూడోదీ కలిపి చూశాను. ఒక చుక్క యురేనస్‌తో పాటే వచ్చింది, పైగా కాస్త పక్కకు తిరిగింది. రెండు కాగితాలూ స్కాన్ చేసి పెడుతున్నాను, మీరూ ఒకసారి కొలిచి చెప్పండి.